పులికంప తీయడానికి 14 మంది జట్టు, 10 రోజుల మకాం: 4 హెక్టార్లు అవుతుందా?

హనూరు దారి (ప్రశ్న)

నమస్కారం అండీ. ఉండేది బెంగళూరు, బనశంకరి. నవంబరు చివర్లో మలెమహదేశ్వర కొండల వైపు అడవిలో పులికంప, అంటే లాంటానా, తీసే పనికి ఒక జట్టును నడిపించాలి. అనుమతి పత్రం చేతికొచ్చింది. ఫారెస్టు వాచర్లు ఇద్దరు రోజూ వెంట ఉంటారు. జట్టులో 14 మందిమి: హిందూపురం, మడకశిర నుంచి వచ్చి ఇక్కడ కూలి చేసుకుంటున్న మనవాళ్లు 8 మంది, దగ్గరి పోడు నుంచి సోలిగలు నలుగురు, వంటమనిషి, నేను. (సోలిగలు ఆ కొండల గిరిజనులు. వాళ్ల ఊరినే పోడు అంటారు, మన పోడు సేద్యం కాదు.)

జీపు దిగాక గంట నడక. ఫోన్ సిగ్నల్ ఉండదు. ప్లాను కాగితంలో 10 రోజుల్లో 4 హెక్టార్లు శుభ్రం చేయాలని ఉంది. పొదలు మనిషెత్తు దాటి, చెట్ల మీదికి కూడా పాకి ఉన్నాయి. అడగాల్సినవి ఇవి: 4 హెక్టార్లు జరిగే పనేనా? నరికితే మళ్లీ చిగురిస్తుందంటారు, ఎక్కడ నరకాలి? ఎన్ని పనిముట్లు కావాలి? ఏనుగులున్న చోట జట్టును ఎలా కాచుకోవాలి?

వేరుమొదలు

4 హెక్టార్లు మరిచిపోండి, అర హెక్టారు పెట్టుకోండి. ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. మొదటి రోజు ఉదయం దట్టంగా ఉన్న చోట తాడుతో 10 మీటర్లు × 10 మీటర్ల చతురం కొలిచి, ఇద్దరిని పెట్టి వేర్లతో సహా తీయించండి. ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఉదాహరణకు 3 గంటలు పట్టిందనుకుందాం. ఇద్దరికి 3 గంటలంటే 6 మనిషి-గంటలు. హెక్టారుకు అలాంటివి 100 చతురాలు, అంటే 600 మనిషి-గంటలు. మీ 14 మందిలో వంటమనిషినీ మిమ్మల్నీ తీసేసి, ఇద్దరిని కాపలాకు పెడితే పనిలోకి దిగేది 10 మంది. నడక, భోజనం, విశ్రాంతి పోగా ఒక్కొక్కరు నికరంగా పనిచేసేది 5 గంటలు. రోజుకు 50 గంటలు వస్తాయి. ఈ లెక్కన 4 హెక్టార్లకు 48 రోజులు కావాలి.

10 రోజుల్లో మొదటి రోజు కొలతలకీ నేర్పించడానికీ పోతుంది, వానకో ఏనుగుకో ఇంకొక రోజు. మిగిలిన 8 రోజులకు 400 గంటలు. అందులో పావు వంతు చిన్న మొక్కలు పీకడానికీ కుప్పలు సర్దడానికీ తీసి పెట్టాలి. 300 గంటలకు అర హెక్టారు, మన లెక్కలో ఎకరం పావు. ప్లాను కాగితం ఇప్పుడే మార్పించండి. అంకె అలాగే ఉంచితే నాలుగో రోజుకల్లా జట్టు పైపైన నరకడం మొదలుపెడుతుంది. అలా నరికిన పులికంప ఒక్క వానాకాలంలో ముందుకంటే గుబురుగా లేస్తుంది. అసలు నరకకపోవడమే మేలు అనిపిస్తుంది.

ఎక్కడ నరకాలంటే: పొద మొదట్లో ఆకుచెత్త చేత్తో పక్కకు తోసి, మట్టి కాస్త గీరండి. కాండం, వేరు కలిసే చోట ముడిలా ఉబ్బి ఉంటుంది. దాని మీద చిన్న చిన్న బుడిపెలు చేతికి తగులుతాయి. కొత్త చిగుళ్లన్నీ లేచేది వాటిలోంచే. ఆ ముడి దాటి కిందికి వెళ్తే తల్లివేరు నున్నగా మారుతుంది. దెబ్బ అక్కడ పడాలి. నేల మట్టానికి రెండు మూడు వేళ్ల లోతు, అంటే 3 నుంచి 5 సెంటీమీటర్లు. చిన్న పికాసితో పక్క నుంచి ఏటవాలుగా మూడు నాలుగు దెబ్బలు వేస్తే వేరు తెగుతుంది. పొద మొత్తం ఒక్కసారి వదులై ఒరుగుతుంది, జట్టుకు అదే గుర్తు. ఒరగకపోతే పక్కన ఇంకో మొదలు ఉన్నట్టే, మళ్లీ చేత్తో వెతకాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం తీర్చిదిద్దిన పద్ధతి ఇది. కార్బెట్ అడవుల్లో వాడారు.

మొత్తం వేరు తవ్వి తీయాల్సిన పని లేదు. గుంతలు తవ్వితే మట్టి కదిలి, అడుగున నిద్రపోతున్న గింజలు పైకొస్తాయి.

తెగిన పొదను పంగలకర్రలతో ముగ్గురు ఎత్తి తలకిందులుగా వేయండి, వేర్లు ఆకాశం వైపు ఉండాలి. పడిన చోటే వదిలేస్తే తడి నేల తగిలిన కణుపుల దగ్గర మళ్లీ వేర్లు పడతాయి. నవంబరు మంచి సమయమే, నేల మెత్తగా ఉంటుంది. నల్లగా మాగిన కాయల గుత్తులు కనిపిస్తే మాత్రం పొద కదిలించకముందే వాటిని కోసి గోనెసంచిలో వేసుకోండి.

ముగ్గురిని ఒక గుంపుగా పెట్టండి: ఒకరు మచ్చుతో, అంటే మచ్చుకత్తితో, కొమ్మలు కోసి మొదలుకు దారి చేస్తారు, ఒకరు పికాసితో వేరు తెంపుతారు, ఒకరు ఎత్తి వేస్తారు. అలాంటివి మూడు గుంపులు. పదో మనిషి నీళ్లు అందిస్తూ, పనిముట్లకు పదును పెడుతూ ఉంటాడు. ముప్పావు గంటకొకసారి పనులు మార్చుకోవాలి, లేకపోతే వేరు తెంపేవాడి నడుము రెండో రోజుకే పట్టేస్తుంది. గుంపుకూ గుంపుకూ కనీసం మూడు బారల దూరం ఉండాలి. ఏటవాలులో ఒకరి కింద ఒకరు ఎప్పుడూ ఉండకూడదు, రాయి దొర్లితే ఆపలేరు.

పనిముట్లు: చిన్న పికాసులు 4, మచ్చులు 4, పొడుగు పిడి లాపర్లు (కొమ్మలు కోసే పెద్ద కత్తెరలు) 2, గడ్డపారలు 2, చేతిరంపాలు 2, ఆకురాళ్లు 2, విడి పిడులు 3. కె.ఆర్. మార్కెట్ దగ్గర ఎస్.జె.పి. రోడ్డు ఇనుప కొట్లలో అన్నీ దొరుకుతాయి. పికాసి బరువు చేతిలో పట్టుకుని చూసి కొనండి. కిలోన్నర దాటినది రోజంతా ఆడించలేరు. పిడి వదులైతే చెక్క చీలిక కొట్టి, రాత్రి ఆ తల భాగాన్ని నీళ్లలో నానబెట్టడం చాలామంది చేస్తారు. ఎండగానే మళ్లీ వదులవుతుంది. పిడే మార్చండి.

కందకం పక్కన

కాపలా సంగతి చెప్తాను. పై లెక్కలో ఇద్దరిని కాపలాకు వదిలేయడం సరైన పని. వాళ్ల చేతికి మచ్చు ఇవ్వొద్దు. చేతిలో పనిముట్టు ఉంటే చూపు పొద మీదికే పోతుంది.

ఉదయం 8 కంటే ముందు బయల్దేరొద్దు, సాయంత్రం 4 కల్లా తిరుగు నడక మొదలవ్వాలి. పులికంప గుబురులో ఏనుగు పది అడుగుల దూరంలో నిలబడినా కనపడదు. పగలు ఎలుగుబంటి పడుకునేది కూడా అలాంటి నీడలోనే. పొదలోకి చేయి పెట్టకముందు వాచరు, సోలిగ ఒకరు చుట్టూ తిరిగి చూడాలి: తడి ఆరని లద్దె, అప్పుడే విరిచిన కొమ్మలు, మట్టిలో తాజా అడుగులు. పిడికెడు బూడిద వదిలి గాలి ఎటు పోతోందో చూడండి. గాలి మీ వైపు నుంచి పొదలోకి వీస్తుంటే మీ వాసన ముందే అందుతుంది, జంతువు తప్పుకుంటుంది. ఎదురు గాలైతే గట్టిగా మాట్లాడుతూ, కర్రతో చెట్టు మొదలు తట్టుతూ వెళ్లాలి. వాచరు వద్దంటే ఆ రోజు ఆ చోట పని లేదు, దాని మీద చర్చ పెట్టొద్దు.

ఈల గుర్తులు అందరికీ ఒకటే ఉండాలి. ఒకటి ఊదితే ఆగండి. రెండు ఊదితే నా దగ్గరికి రండి. మూడు ఊదితే చేతిలోది కింద పడేసి వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఆ వెనక్కి వెళ్లే దారి రోజూ పని మొదలుపెట్టేముందు మొదట శుభ్రం చేయాలి, రెండు బారల వెడల్పు. నరికిన కంప ఆ దారిలో పడేస్తే అందరూ ఇరుక్కుంటారు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

సిగ్నల్ లేనందున శాటిలైట్ ఫోన్ తెద్దామని ఎవరైనా అంటారు. లైసెన్సు లేకుండా మన దేశంలో అది వాడకూడదు. వాచరు చేతిలోని అటవీశాఖ వైర్‌లెస్సే మీ ఆధారం. ఉదయం బయల్దేరేముందు, మధ్యాహ్నం, మకాంకు చేరాక మూడు పూటలా మాట్లాడించండి. బ్యాటరీ ఇంకొకటి ఉందా అని మొదటి రోజే అడగండి.

పాము కాటుకు కట్టు బిగించొద్దు, కోయొద్దు, పీల్చొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. గంట దూరం మోయాలంటే నలుగురు చొప్పున రెండు జట్లు కావాలి. రెండు వెదురు బొంగులు, దుప్పటి పెట్టుకుని మొదటి రోజు సాయంత్రమే ఒకరిని పడుకోబెట్టి పావు కిలోమీటరు మోయించి చూడండి, ఎంత సేపు పడుతుందో అప్పుడు అర్థమవుతుంది. బెంగళూరు నుంచి బయల్దేరేముందే కొళ్లేగాల, చామరాజనగర ప్రభుత్వ ఆసుపత్రులకు ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు నిల్వ ఉందా, వెంటిలేటర్ ఉందా కనుక్కోండి. కట్లపాము కాటుకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. వెంటిలేటర్ లేని చోట దిగితే మళ్లీ ప్రయాణం.

పిడుదుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. వాటి కాటుతో వచ్చే క్యాసనూరు అడవి జ్వరం 1957లో శివమొగ్గ జిల్లాలో బయటపడింది. 2012లో బండీపుర వైపు కూడా కనిపించింది, అంటే మీరు వెళ్లే చామరాజనగర జిల్లాలోనే. డిసెంబరు నుంచి వేసవి దాకా జాగ్రత్త. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపాలి, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, సాయంత్రం స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, చెవుల వెనక వెతకాలి. కరుచుకున్న పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, బీడీతో కాల్చడం వద్దు. కోతులు కూడా ఈ జ్వరంతో చస్తాయి, అందుకని చచ్చిన కోతి కనిపిస్తే ముట్టుకోకుండా వాచరుకు చెప్పి, ఆ చోట పని ఆపండి. మకాం నుంచి వచ్చిన మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే అడవిలో పనిచేశామని డాక్టరుతో ముందే చెప్పమనండి. పొదల్లోని సన్నని పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఇలాగే మొదలవుతుంది. ఒంటి మీద కాలిన మచ్చలాంటి నల్ల పొక్కు ఉందేమో చూడాలి.

కళ్లద్దాలు తప్పనిసరి. వంచిన కొమ్మ జారి కొడితే తగిలేది కంటికే. తోలు చేతితొడుగులు తలా రెండు జతలు.

నీళ్లు: తాగడానికి మనిషికి 5 లీటర్లు, వంటకీ కడుక్కోవడానికీ ఇంకో 10. 14 మందికి రోజుకు 210 లీటర్లు. తాగే నీళ్లకే 20 లీటర్ల క్యాన్లు నాలుగు కావాలి. అవి ఎవరు మోస్తారో ముందే తేల్చుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు నీటికి తలకొట్టి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. బియ్యం, బెల్లం, ఉప్పు గుడారాల్లో పెట్టొద్దు. ఆ వాసనకు ఏనుగు వస్తుంది. చుట్టూ కందకం ఉన్న అటవీశాఖ క్యాంపు గదిలో చోటు అడగండి.

మడకశిర మేస్త్రి

ఒక్క మాట కూలి గురించి. చదరపు మీటర్ల లెక్కన గుత్తకు ఇవ్వొద్దు అన్నా. గుత్త అంటే ఎవరైనా వేగం చూస్తారు, నేల మట్టానికి కోసేసి పైన చెత్త కప్పుతారు. తప్పు వాళ్లది కాదు, లెక్క అలా పెట్టినవాళ్లది. రోజు కూలి ఇవ్వండి, సోలిగలకూ మనవాళ్లకూ ఒకే కూలి. పని నాణ్యత చూడాలంటే సాయంత్రం తలకిందులుగా వేసిన పొదల్లో ఏవో పది చూడండి. ప్రతిదానికీ ముడి, దాని కింద రెండు వేళ్ల వేరు ముక్క అంటుకుని ఉండాలి. ముడి లేకుండా కాండమే కనిపిస్తే ఆ మొదలు నేలలోనే ఉంది, మర్నాడు పొద్దున ఆ గుంపే వెళ్లి తీయాలి.

భాష గురించి దిగులు పడొద్దు. మడకశిర, హిందూపురం వాళ్లకు కన్నడ బాగానే వస్తుంది. ప్రతి గుంపులో ఒక సోలిగ ఉండేలా పంచండి, నాలుగోవాడిని కాపలాకు పెట్టండి. ఏ మొక్క ఉంచాలో ఏది తీయాలో వాళ్లు చూపించినంత బాగా ఏ పుస్తకమూ చూపించదు.

పొద్దున రాగిసంగటి పెట్టిస్తే మధ్యాహ్నం దాకా ఓపిక ఉంటుంది. ఉప్మా పదింటికే అరిగిపోతుంది.

హనూరు దారి

చాలా థాంక్సండీ. ప్లాను కాగితం అర హెక్టారుకు మార్పిస్తాను. ఇంకో రెండు అడుగుతాను. తీసిన కంప ఏం చేయాలి, ఎండాక తగలబెట్టవచ్చా? బుట్టలకు, కుర్చీలకు వాడతారని విన్నాను, కట్టె బెంగళూరుకు తేవచ్చా? పులికంప కింద ఉన్న చిన్న చెట్ల మొక్కలు పనిలో తొక్కుడు పడకుండా ఎలా కాపాడాలి?

వేరుమొదలు

నిప్పు వద్దు. 2019 ఫిబ్రవరిలో బండీపుర తగలబడినప్పుడు ఎండిన లాంటానా పొదలే మంటకు మేత అయ్యాయి. సోలిగలు పూర్వం తరగు బెంకి అని ఎండుటాకుల చిన్న మంట వేసేవారు. అది ఆపేశాకే కంప పెరిగిందని వాళ్లు చెబుతారు, వినదగ్గ మాట. కానీ అది గడ్డి, ఆకుల మంట. మనిషెత్తు కంప కుప్పకు అంటించే మంట వేరు, చెట్ల కొమ్మల దాకా లేస్తుంది.

నడుమెత్తు దాటని చిన్న కుప్పలు వేయండి. చెట్టు మొదలుకు ఆనించొద్దు, ఫైర్ లైను (మంట పాకకుండా ఖాళీ చేసి ఉంచిన బాట) దగ్గర వేయొద్దు, వాగులోనూ వేయొద్దు. వాగు గట్టున, బాగా ఏటవాలు ఉన్న చోట వేర్లు తీయడం ఈ విడతలో మానేయండి. మట్టి పట్టుకోవడానికి ఇంకేదీ మొలవకముందే వాన వస్తే గట్టు కొట్టుకుపోతుంది.

కట్టె తేవడానికి మీ అనుమతి పత్రం చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం నుంచి అటవీ ఉత్పత్తి తీయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఉండాలి. తీసే అనుమతిలో తీసుకెళ్లే అనుమతి ఉందనుకోవద్దు. అక్కడికక్కడే సోలిగలకు పనికొచ్చేలా చూడండి. మలెమహదేశ్వర కొండల్లో బెంగళూరు సంస్థ ఏట్రీ లాంటానాతో కుర్చీలు, బల్లలు చేయడం సోలిగలకు నేర్పించింది. నిటారుగా, బొటనవేలి లావు దాటిన కర్రలు వేరుగా కట్ట కట్టి ఉంచండి. పచ్చిగా ఉన్నప్పుడే ఉడకబెడితే తొక్క ఊడుతుంది, కర్ర వంగుతుంది. వారం ఎండితే విరుగుతుంది.

చిన్న మొక్కల కోసం, మచ్చు పట్టకముందే సోలిగ ఒకరితో పొద అడుగున వంగి చూపించుకుని, ఉంచాల్సిన ప్రతి మొక్కకూ ఎర్రగుడ్డ పేలిక కట్టండి. పులికంప నీడలో చందనం, ఉసిరి, చిరుమాను మొలకలు బతికి ఉంటాయి. వాటి చుట్టూ అడుగు మేర పికాసి వాడకుండా లాపర్‌తో కోసి, వేరు చేత్తో వదులు చేయాలి. ఒక్కసారిగా నీడ పోతే లేత మొక్క మాడుతుంది, అందుకని ఎండు కొమ్మలు రెండు దాని మీద అడ్డంగా వాల్చి వదిలేయండి.

ఇంకొకటి, పలుచగా ఉన్న అంచు నుంచి దట్టంగా ఉన్న నడిమికి పని సాగించండి. అంచున గడ్డి ఇంకా బతికి ఉంటుంది, ఖాళీ అయిన చోటికి అదే పాకుతుంది. నడిమి నుంచి మొదలుపెడితే ఆ బోసి నేలలో వయ్యారిభామ దిగుతుంది.

చెన్నై, వేళచ్చేరి

ఇక్కడ చెరువు గట్టు మీద సర్కారు తుమ్మకు కూడా ఇదే లోతు సరిపోతుందా?

వేరుమొదలు

సరిపోదండీ. సర్కారు తుమ్మ మొదలు నేల కింద ఇంకా లోతుగా చిగురిస్తుంది. కనీసం అడుగు లోతు వేరుమొదలు తవ్వి తీయాలి, పెద్ద చెట్లకు జేసీబీ పెట్టక తప్పదు. గట్టు మీద జేసీబీ అంటే గట్టే పోవచ్చు, అందుకని ముందు నీటిపారుదల శాఖ వాళ్లను చూడమనండి. కాయలు తిన్న పశువుల పేడలో గింజలు చెరువంతా పోతాయి కాబట్టి కాయలు మాగకముందు పని పూర్తి కావాలి. ముల్లు రబ్బరు చెప్పులోంచి దూసుకొస్తుంది, గట్టి అడుగున్న బూట్లు కావాలి. తమిళనాడు 2022లో ఇలాంటి మొక్కల మీద ప్రత్యేక విధానమే తెచ్చింది, అనుమతి అడిగేటప్పుడు దాన్ని ప్రస్తావించండి.

హనూరు దారి

చివరి ప్రశ్న అండీ. మళ్లీ ఎప్పుడు వెళ్లాలి, ఎంతమంది?

వేరుమొదలు

తొలకరి పడిన నెలకు, అంటే జూన్ చివర్లో ఒకసారి, మళ్లీ అక్టోబరు-నవంబరులో ఒకసారి. అలా మూడేళ్లు. నలుగురు చాలు, రెండు రోజులు. గింజ మొలకలు జానెడు లోపు ఉన్నప్పుడు తడి నేలలో రెండు వేళ్లతో వేరుతో సహా వస్తాయి. అదే మోకాలెత్తు అయ్యాక పికాసి కావాలి. గుర్తుపట్టడానికి ఆకు నలిపి వాసన చూస్తే చాలు, ఘాటుగా ఉంటుంది.

మొలకలు అంతటా సమానంగా ఉండవు. పిగిలిపిట్టలు, గోరువంకలు కాయలు తిని వాలే చెట్ల కిందే గుంపులుగా లేస్తాయి. అందుకని ఈ నవంబరులోనే అర హెక్టారులో పిట్టలు వాలే చెట్లన్నీ ఫోన్ ఆఫ్‌లైన్ మ్యాపులో గుర్తు పెట్టుకోండి. నాలుగు మూలలా కర్ర పాతి, ఒక్కో కర్ర దగ్గర నిలబడి ఒకే దిక్కుకు ఫోటో తీసి పెట్టుకోండి. జూన్‌లో వెళ్లే నలుగురూ మొదట ఆ చెట్ల కిందికే వెళ్లాలి.

మకాం ఎత్తేటప్పుడు బూట్ల అడుగులు, ప్యాంటు మడతలు, పికాసి మీది మట్టి అక్కడే పని చోట దులిపి రండి. గోనెసంచిలోని కాయలు మాత్రం జీపు ఎక్కించొద్దు. మకాం పొయ్యిలో రోజూ కొన్ని వేసి, వంటమనిషి కళ్ల ముందే బూడిద అయ్యేలా చూడండి.